పాయింటు

ఒంటి మీద ఇనుమేమన్నా ఉందా, అని అందరినీ అడుగుతాను.
ఉంగరం, తాయెత్తు, మొలతాడుకు తాళంచెవి.
మణెమ్మ తలెత్తకుండానే అన్నది:
"వెండి మొలతాడుండె సారూ.
మీకంటె ముందే తీసిండ్రు
కోస్గి రోడ్డు మీది దుకాణపోళ్లు."
ఇప్పుడున్నది నల్లదారం.
దారాన్ని అయస్కాంతం ఏమీ చెయ్యదు.

కుర్మయ్యది ముప్పై ఏళ్ల బోరుబండి కొలువు.
మక్తల్ నుంచి రాయచూరు దాకా
ఎవరి చెలకలో ఎన్ని ఫీట్లకు ఏ రాయి తగిలిందో
నోటిలెక్కన చెప్పేవాడట.
పొద్దున ఏం తిన్నవు తాతా అంటే
"బండి కాడనే వండుకున్నం. దొడ్డుబువ్వ, పచ్చిపులుసు" అన్నాడు తడుముకోకుండా.
అతని వెనక నిలబడి మణెమ్మ నాలుగు వేళ్లు చూపించింది.
నాలుగు రోజులు. మెతుకు ముట్టలేదు.

కాళ్లు ఎడంగా పెట్టి నడిచాడు,
పోతున్న లారీ మీద నిలబడ్డట్టు.
కళ్లు ఒక్కచోట ఆగవు.

మిషన్ మొదలైంది.
దడదడదడ. ఆగి, టక్కు టక్కు. మళ్లీ దడదడ.
ఏ రోగం లేనివాళ్లే జడిసి బెల్లు నొక్కుతారు.
అతను మాత్రం ఆ గొట్టంలో
కంప్రెసర్ చప్పుడు విన్నవాడిలా కుదుటపడ్డాడు.
మైకులో గొంతు:
"రాడ్డు మార్చుండ్రి… దుబ్బ అయిపోయింది, ఇగ రాయే…
ఆగుండ్రి, ఆగుండ్రి.
నీళ్లు వడ్డయి!"

కదలొద్దు తాతా అన్నాను.
అద్దానికి ఇవతల, తెర మీద,
నిజంగానే నీళ్లు.
మెదడు వడలి పుర్రెను వదిలి లోపలికి జరిగింది.
వదిలిన జాగంతా నీళ్లు, తెల్లగా.
సాళ్లు వెడల్పయినయి.
వెనక చిన్నమెదడు ఆకు రాల్చిన చింతకొమ్మ.
అడుగున, జ్ఞాపకం పోయే దారిలో
కందిగింజలంత జంట ఉండాలి.
వెతికి వెతికి చూస్తే రెండు తాలుగింజలు.
నీళ్ల తెలుపును అణిచి ఇంకో వరస తీశాను.
నడిమి సన్నకాలువ చుట్టూ, అటూ ఇటూ ఒక్కతీరుగా
దుమ్ములో బండి హెడ్‌లైట్ల లెక్క
రెండు మచ్చలు.

డాక్టరమ్మ చూసి వార్డుకు ఫోన్ చేసింది.
గ్లూకోజు ఎక్కించకముందే ఆ ఇంజక్షన్. ముందది. విన్నారా?
"అదేం మందమ్మా, ఎంతయితది?"
ఎక్కువేం కాదు. తవుడులో ఉండే సత్తువే.
"తవుడా," అని మణెమ్మ నవ్వింది.
"బర్రెకు దినాం పెడ్తనే ఉంటి గదమ్మా."
ఆ నవ్వుకు నేను కీబోర్డు వైపు చూశాను.

ఎన్నేళ్ల నుంచి తాగుతున్నాడు, అని ఫారంలో ఒక గడి.
"ఊరందరికి నీళ్లు తీసినోడు సారూ.
మా చెలకల మూడేసిండు. మూడిట్లనూ దుమ్మే.
ఆ మూడోదాని కాడికెళ్లి."
అది ఏ సంవత్సరమో ఆమెకు తెలియదు.
గడిలో 'చాలాకాలం' అని కొట్టాను.

బయటికొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.
"గుర్తువట్టిన నిన్ను. మీది మరికల్లు గదా,
మీ నాయిన బోరు నేనే ఏసిన. తొంభై ఫీట్లకే జల!"
మాకు గుంట భూమి లేదు.
మా నాన్న మహబూబ్‌నగర్ డిపోలో కండక్టరు.
అవును తాతా, ఇప్పటికీ పోస్తుంది, అన్నాను.

మణెమ్మ నన్ను పక్కకు పిలిచింది.
"అవునన్కు సారూ.
అందరు గిట్లనే మంచిగ అవునంటరు.
ఆనంక కూలి బాకీ ఉన్నదని
ఆళ్ల గడప ముంగట కూసుంటడు, చీకటయ్యేదాక.
తోల్కరానీకె నేనే పోవాలె."

వార్డుకు పోయేముందు, మెట్ల కాడ,
ఆమె చేతిలోంచి ఫిల్ము లాక్కొని ఎండకు పట్టాడు.
తలకిందులుగా.
చాలాసేపు చూశాడు, ఒక కన్ను మూసి,
అరచేతిలో కొబ్బరికాయ ఉన్నవాడిలా.
తర్వాత సరిగ్గా నడుమ వేలు పెట్టి
"ఇగో, ఈడ," అన్నాడు. "ఈడ పాయింటు.
బండి తెప్పియ్యుండ్రి."